స్కూల్ బోర్డు మెంబర్‌ని, నా పేరు మీదే సివిల్ రైట్స్ కేసు వేశారు: లాయర్ ఫీజు, డ్యామేజెస్ ఎవరి జేబులోంచి?

బోర్డు_నాన్న:

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు మా డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు పని. ఎన్నికైన పదవే గానీ జీతం అని చెప్పుకునేంత ఏమీ రాదు, మన పిల్లలు చదివే బడులే కదా అని దిగాను.

ఎలక్షన్ల కోసం ఒక ఫేస్‌బుక్ పేజీ పెట్టుకున్నాను, గెలిచాక కూడా అదే వాడుతున్నా. మీటింగు తేదీలు, బడ్జెట్ వివరాలు, మధ్యలో మా అబ్బాయి సాకర్ ఫొటోలు, అన్నీ అందులోనే. అటెండెన్స్ బౌండరీలు మార్చేటప్పుడు ఒక పేరెంట్ ప్రతి పోస్టు కిందా ఒకే కామెంటు అతికిస్తూ పోయారు. కొన్ని తీసేశాను, ఆగకపోయేసరికి బ్లాక్ చేశాను. ఇప్పుడు ఫెడరల్ కోర్టులో కేసు. ఫస్ట్ అమెండ్‌మెంట్ (వాక్ స్వాతంత్ర్యం) హక్కుకి భంగం కలిగించానట, సెక్షన్ 1983 కింద, అంటే ప్రభుత్వ అధికారం వాడి హక్కులు కాలరాసినవాళ్ల మీద దావా వేయనిచ్చే ఫెడరల్ చట్టం. సమన్లు తెచ్చినవాడు నేరుగా ఇంటికే వచ్చాడు, తలుపు తీసింది మా ఆవిడ.

కాగితంలో నా పేరు కింద "వ్యక్తిగత హోదాలోనూ, అధికార హోదాలోనూ" అని రెండూ రాశారు. పునిటివ్ డ్యామేజెస్ (శిక్షగా వేసే అదనపు పరిహారం) కూడా అడిగారు. ఇక ఇంట్లో ఒకటే టెన్షన్, ఇంటి మీదకి వస్తారా, పిల్లల చదువుకి దాచింది ఏమవుతుంది అని.

డిస్ట్రిక్ట్ లాయర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "రిజర్వేషన్ ఆఫ్ రైట్స్‌తో మీ డిఫెన్స్ తీసుకుంటాం" అని (అంటే కేసు నడుపుతాం గానీ, తర్వాత డబ్బు కట్టమనే హక్కు మాకుంది అని), డిస్ట్రిక్ట్‌కీ నాకూ ఒకే లాయర్ ఉండటానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని ఒక లెటర్ జతచేశారు. తోటి మెంబర్ ఒకాయన "క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ (ఆఫీసర్లకి డ్యామేజెస్ నుంచి కోర్టులు ఇచ్చే రక్షణ) ఉంది, నీకేం కాదు, హాయిగా పడుకో" అంటాడు. ఆఫీసులో ఫ్రెండేమో సొంత లాయర్ని పెట్టుకోమంటాడు, ఆ లాయర్ గంటకి చెప్పిన రేటు వింటే ఇల్లు పోయేది కేసు వల్ల కాదు ఫీజు వల్లే అనిపించింది. అసలు నా తరఫున కోర్టుకి వెళ్లాల్సింది ఎవరు, ఓడిపోతే కట్టాల్సింది ఎవరు, ఆ లెటర్ మీద సంతకం పెట్టొచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

లా_పాయింట్:

నేను లాయర్నే కానీ మీ లాయర్ని కాదు, కాబట్టి ఇది సలహా కాదు, లోకజ్ఞానం అనుకోండి.

ముందు గడువు సంగతి. సమన్లు చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లో కోర్టులో జవాబు పడాలి. మనిషి వచ్చి ఇవ్వక్కర్లేదు అని ఒప్పుకుని సర్వీస్ వెయివ్ చేసి ఉంటే 60 రోజులు దొరికేవి, మీకు మనిషే వచ్చి ఇచ్చాడు కాబట్టి 21 అనే లెక్క పెట్టుకోండి. "డిస్ట్రిక్ట్ వాళ్లు చూసుకుంటార్లే" అని ఊరుకుంటే, వాళ్లేమో మీరు అడగలేదు కదా అనుకుంటే, మధ్యలో డిఫాల్ట్ (జవాబు ఇవ్వలేదని ఏకపక్షంగా ఓడినట్టు) పడుతుంది. కాబట్టి ఈరోజే "నా డిఫెన్స్ మీరే చేపట్టాలి" అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పడం కాదు. కాలిఫోర్నియా గవర్నమెంట్ కోడ్ సెక్షన్ 995 ప్రకారం, ఉద్యోగి అడిగితే పబ్లిక్ సంస్థ అతని తరఫున డిఫెన్స్ నడపాలి. ఇక్కడ ఉద్యోగి అంటే ఆఫీసరు కూడా, జీతం ఉన్నా లేకపోయినా, కాబట్టి మీరూ అందులోకి వస్తారు. అడిగాక వాళ్లు 20 రోజుల్లోగా అవునో కాదో చెప్పాలి. కాదనడానికి మూడే దారులు: మీరు చేసింది డ్యూటీ పరిధిలోది కాకపోవడం, మీరు కావాలని మోసమో అవినీతో చేయడం లేదా కక్షతో చేయడం, మీ ప్రయోజనమూ వాళ్ల ప్రయోజనమూ ఢీకొనడం.

డబ్బు సంగతి సెక్షన్ 825లో ఉంది. డ్యూటీ పరిధిలో చేసిన పనికి తీర్పు వస్తే, మీరు డిఫెన్స్‌కి సహకరించి ఉంటే, ఆ డబ్బు డిస్ట్రిక్టే కట్టాలి. "కట్టవచ్చు" కాదు, కట్టాలి. ఇల్లు భయం చాలావరకు ఇక్కడే తగ్గిపోవాలి.

పునిటివ్ డ్యామేజెస్ మాత్రం వేరే లెక్క. అవి కట్టడం తప్పనిసరి కాదు. మీరు పరిధిలోనే ఉన్నారని, మనసులో కక్ష లేకుండా సంస్థ మంచికే చేశారని, ఆ డబ్బు కట్టడం సంస్థకి మంచిదని బోర్డు తేల్చాకే కట్టగలదు. ఆ ఓటు వేసేది ఎవరో ఆలోచించండి. మీ పక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లే, బౌండరీల గొడవలో మీ మీద పళ్లు నూరినవాళ్లతో సహా. పైగా ఈ రాష్ట్రంలో పునిటివ్‌కి ఇన్సూరెన్స్ కూడా పనికిరాదు.

ఇక రెండు హోదాలు ఎందుకు రాశారంటే, అధికార హోదాలో కేసు అంటే నిజానికి అది సంస్థ మీద కేసే, 1985లో కెంటకీ వర్సెస్ గ్రాహం కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చి చెప్పింది. వ్యక్తిగత హోదా అంటే మీ మీదే. మరి డబ్బున్న డిస్ట్రిక్ట్‌ని వదిలి మిమ్మల్నెందుకు పట్టుకున్నారు? కాలిఫోర్నియా స్కూల్ డిస్ట్రిక్టులని నైన్త్ సర్క్యూట్ (మన వైపు ఫెడరల్ అప్పీల్ కోర్టు) 1992 నాటి బెలాంజర్ కేసు నుంచి రాష్ట్ర ప్రభుత్వంలో భాగంగానే చూస్తూ వచ్చింది, అంటే ఫెడరల్ కోర్టులో వాటి దగ్గర డ్యామేజెస్ వసూలు చేయడం కుదరదు. డబ్బు రావాలంటే మనిషి పేరు పెట్టాల్సిందే. అందుకే మీ పేరు, మీ మీద కోపం ఒక్కటే కారణం కాదు.

పన్ను_కట్టేవాడు:

బోర్డు నాన్న గారూ, మీ మీద నాకేం కోపం లేదు గానీ పైన చెప్పింది తిప్పి చూస్తే ఏమవుతోంది? హక్కు పోయిందని ఒకాయన కోర్టుకెక్కితే, హక్కు తీసినాయనకి లాయరు మా డబ్బుతో, ఓడితే పరిహారం మా డబ్బుతో. ఆ పేరెంట్ కూడా ఆ డిస్ట్రిక్టుకి పన్ను కట్టేవాడే అయ్యుంటాడు, అంటే తన మీద తానే కేసు వేసుకున్నట్టు.

ఇది నా అక్కసు మాత్రమే కాదు. జోఆనా ష్వార్ట్జ్ అనే యూసీఎల్ఏ లా ప్రొఫెసర్ 2014లో ఒక పరిశోధన వేశారు, 2006 నుంచి 2011 దాకా పెద్ద, చిన్న పోలీసు డిపార్ట్‌మెంట్ల కేసులు తీసి చూశారు. బాధితులకు చెల్లించింది 730 మిలియన్ డాలర్లకు పైనే. అందులో పోలీసుల సొంత జేబు నుంచి వచ్చింది 0.02 శాతం. సున్నా పాయింట్ సున్నా రెండు! పునిటివ్ డ్యామేజెస్ అయితే ఒక్క ఆఫీసరూ కట్టిన దాఖలా లేదు. ఉద్యోగం నుంచి తీసేసినవాళ్లకి, క్రిమినల్ కేసు పడినవాళ్లకి కూడా ఊళ్లే కట్టాయి. "సొంత ఆస్తి పోతుందనే భయం ఉంటే ఆఫీసర్లు పని చేయలేరు, కాబట్టి క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ కావాలి" అని కోర్టులు చెప్పే మాట వింటే నవ్వొస్తుంది. ఆస్తి పోయిందెక్కడ?

కౌంటీ_గుమస్తా:

పన్ను గారూ, కోపం అర్థమైంది, కానీ ఈ మనిషి అడిగింది రేపు ఏం చేయాలని. నేను వేరే రాష్ట్రంలో ఒక కౌంటీలో పర్మిట్ల సెక్షన్లో చేస్తాను, ఒక 1983 కేసులో నన్నూ కలిపి ముద్దాయిల్లో పెట్టారు, చివరికి నా పేరు తీసేశారు. అందులో నాకు తెలిసొచ్చినవి చెబుతా.

ఒకటి, ఇల్లు పోదు గానీ ఇంటి లోను ఆగుతుంది. మేము అప్పుడే రీఫైనాన్స్‌కి వెళ్లాం, మార్ట్‌గేజ్ అప్లికేషన్లో "మీకు వ్యక్తిగతంగా డబ్బు బాధ్యత పడే అవకాశం ఉన్న దావాలో మీరు పార్టీయా" అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునని టిక్ పెడితే లోన్ ఆఫీసర్ కాగితాలు అడుగుతాడు, కాదని పెడితే అబద్ధం. కౌంటీ నుంచి "ఈమె డిఫెన్స్ మాదే, ఇండెమ్నిఫికేషన్ (ఓడితే ఆమె బదులు మేం డబ్బు కట్టడం) ఫలానా చట్టం కింద ఉంది" అని లెటర్ తెచ్చి ఇస్తే గానీ ఫైలు కదలలేదు. ఈ ఏడాది రీఫైనాన్స్ ఆలోచన ఉంటే ఆ లెటర్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి, తర్వాత ఆ ఆఫీసులో ఎవరూ ఫోనెత్తరు.

రెండు, లాయర్. మొదటి మీటింగులో ఆయన చాలా మర్యాదగా కాఫీ తెప్పించి మాట్లాడాడు, అరగంట అయ్యాక నేను అడిగాను, "సార్, మీ క్లయింట్ నేనా కౌంటీనా" అని. కాస్త ఆగి "ఇద్దరూ" అన్నాడు. ఆ ఆగిన క్షణం ఉంది చూశారూ, అక్కడే నాకు బల్బు వెలిగింది. కౌంటీకి మంచిదైన మాట, "మా పాలసీ బాగానే ఉంది, ఆవిడే పాటించలేదు". నాకు మంచిదైన మాట, "నాకు నేర్పించింది ఇదే, ఇక్కడ అందరూ చేసేది ఇదే". ఒకే నోటితో రెండూ చెప్పలేరు.

న్యూయార్క్‌లో ఇది నిజంగానే జరిగింది. డన్టన్ వర్సెస్ సఫోక్ కౌంటీ, 1984, సెకండ్ సర్క్యూట్. ఒక పోలీసాయన పార్కింగ్ లాట్‌లో తన భార్యతో కారులో ఉన్న మనిషిని కొట్టాడు. కౌంటీ అటార్నీ కౌంటీకీ ఈయనకీ ఇద్దరికీ తానే లాయర్. కోర్టులో నిలబడి ఏమన్నాడంటే, ఈయన ఆ రాత్రి పోలీసుగా కాదు, ఒళ్లు మండిన మొగుడిగా కొట్టాడు అని. కౌంటీ బయటపడింది, పోలీసాయన మీద తీర్పు పడింది, అదీ సొంత లాయర్ నోటి మాటతో. అప్పీల్ కోర్టు ఆయన మీద తీర్పు కొట్టేసింది, 1983 కేసుల్లో ఇలాంటి జంట ప్రాతినిధ్యం ఎంత ప్రమాదమో వివరంగా రాసింది. మీ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఆ తీర్పు చదవండి, పెద్దదేం కాదు.

లా_పాయింట్:

గుమస్తా గారు సరిగ్గా చోటు చూసి కొట్టారు. బోర్డు నాన్న గారి కేసులో ఆ చిక్కు ఇంకా ముదురుతుంది, చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

2024 మార్చిలో సుప్రీంకోర్టు లిండ్కే వర్సెస్ ఫ్రీడ్ తీర్పు ఇచ్చింది, ఏకగ్రీవంగా. మిషిగన్‌లో పోర్ట్ హ్యూరాన్ సిటీ మేనేజర్ ఫేస్‌బుక్ పేజీలో కోవిడ్ కామెంట్లు తీసేసి ఒకాయన్ని బ్లాక్ చేసిన గొడవ. కోర్టు పెట్టిన పరీక్ష రెండు మెట్లు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అసలైన అధికారం ఆ ఆఫీసర్‌కి ఉందా, ఆ పోస్టు పెట్టినప్పుడు ఆ అధికారంతోనే మాట్లాడుతున్నట్టు కనిపించాడా. రెండూ ఉంటేనే అది ప్రభుత్వ చర్య, లేకపోతే అది అతని సొంత గోల, 1983 కేసే నిలవదు. దాంతో పాటు విన్న రెండో కేసు అచ్చం మీదే, కాలిఫోర్నియాలోనే పోవే స్కూల్ బోర్డు సభ్యులిద్దరిది. అక్కడ ఒక పేరెంట్ ట్విట్టర్‌లో సుమారు పది నిమిషాల్లో ఒకే జవాబు 226 సార్లు పెట్టాడు, ఒకే కామెంటు ఫేస్‌బుక్‌లో 42 పోస్టుల కింద పెట్టాడు. దాన్నీ కొత్త పరీక్ష కింద మళ్లీ చూడమని వెనక్కి పంపారు.

ఇప్పుడు చూడండి. కేసు గెలవడానికి మీకున్న బలమైన వాదన ఏంటి? "అది నా సొంత పేజీ, ఎలక్షన్ పేజీ, మా అబ్బాయి సాకర్ ఫొటోలున్న పేజీ, బోర్డు నాకు అక్కడ మాట్లాడే అధికారం ఏమీ ఇవ్వలేదు." బాగుంది. కానీ ఆ మాట గట్టిగా అంటే డిస్ట్రిక్ట్ ఏమంటుంది? "అయితే డ్యూటీ పరిధిలో కాదన్నమాట, మరి మేమెందుకు కట్టాలి?" మీ డిఫెన్సే మీ ఇండెమ్నిఫికేషన్ కిందకి నీళ్లు తెస్తుంది. రిజర్వేషన్ ఆఫ్ రైట్స్ అని రాసింది అందుకే. రిజర్వేషన్ లేకుండా డిఫెన్స్ నడిపితే తీర్పు డబ్బు వాళ్లు కట్టి తీరాలి. రిజర్వేషన్‌తో నడిపితే, పని పరిధిలోనే జరిగిందని రుజువైతేనే కడతారు.

గెలిస్తే కట్టాల్సిన తీర్పే ఉండదు కాబట్టి మరీ కంగారు పడకండి. చిక్కు ఎక్కడంటే మధ్యలో, ఏ వాదన ముందు పెట్టాలో నిర్ణయించే ఆ లాయర్ ఎవరి మనసు చూసి నిర్ణయిస్తాడో అక్కడ. కాబట్టి వేరే లాయర్ని డిస్ట్రిక్ట్ ఖర్చుతోనే ఇవ్వమని, మీ ఇద్దరి ప్రయోజనాలు ఎక్కడ వేరవుతున్నాయో ఒక పేరాలో వివరిస్తూ రాయండి. "నాకు నమ్మకం లేదు" అని కాదు, "స్కోప్ (డ్యూటీ పరిధి) విషయంలో మన వాదనలు ఎదురెదురు" అని. ఒకవేళ డిఫెన్స్ ఇచ్చేది లేదని డిస్ట్రిక్ట్ అంటే మీరు సొంతంగా లాయర్ని పెట్టుకుని, పరిధిలోనే చేశానని నిరూపించి, సమంజసమైన ఫీజు తర్వాత వసూలు చేసుకునే దారి సెక్షన్ 996.4లో ఉంది. ముందు చేతి నుంచి పెట్టాలి, అదే బాధ.

డల్లాస్_సుబ్బు:

అన్నా, కాలిఫోర్నియాలో ఉన్నందుకు సంతోషించు. మా టెక్సాస్‌లో స్టేట్ ఉద్యోగులకి చట్టంలోనే సీలింగ్ ఉంది, ఒక మనిషికి లక్ష డాలర్లు, మొత్తం ఘటనకి మూడు లక్షలు. తీర్పు అంతకంటే పెద్దదైతే మిగతాది నీ ఖర్మ. లోకల్ గవర్నమెంట్లయితే "కట్టవచ్చు" అనే ఉంది, కట్టి తీరాలని లేదు. ఇల్లినాయ్‌లో ఉండే మా బావమరిది చెప్పాడు, అక్కడ లోకల్ సంస్థలు మామూలు డ్యామేజెస్ కట్టాల్సిందే గానీ పునిటివ్ కడతామన్నా చట్టం ఒప్పుకోదట. న్యూయార్క్‌లో అయితే స్టేట్ ఉద్యోగి సమన్లు అందిన ఐదు రోజుల్లో అటార్నీ జనరల్‌కి అందజేయాలి, లోకల్ వాళ్లకి పది రోజులు. పెళ్లికి ఇండియా వెళ్లొచ్చేలోపు గడువు ఎగిరిపోతుంది. ఎవరి రాష్ట్రం వాళ్లు చూసుకోండి, ఇది చదివి అందరికీ ఒకటే రూల్ అనుకోవద్దు.

పన్ను_కట్టేవాడు:

సుబ్బు, ఆ సీలింగులు చూసి ఆఫీసర్‌కి శిక్ష పడుతుందనుకోకు, చాలాసార్లు దెబ్బ తగిలేది బాధితుడికే. క్లీవ్‌ల్యాండ్‌లో ఏమైందో తెలుసా? చేయని హత్యకి పదేళ్లకు పైగా జైల్లో ఉన్న ఒకాయనకి 2013లో జ్యూరీ 13.2 మిలియన్ డాలర్లు ఇమ్మంది, ఇద్దరు డిటెక్టివ్‌ల మీద. సిటీ కట్టలేదు. పైగా ఒక డిటెక్టివ్ బ్యాంక్‌రప్సీ పెట్టుకోవడానికి సిటీనే లాయర్ ఖర్చు పెట్టుకుంది! ఆమె అప్పు రద్దయిపోయింది, ఇక సిటీ ఆమె తరఫున కట్టాల్సింది ఏముంది అన్నారు. 2020లో ఒహాయో సుప్రీంకోర్టు కూడా, ఇండెమ్నిఫికేషన్ హక్కు ఉద్యోగిది, గెలిచినవాడిది కాదు, కాబట్టి అతను సిటీ మీదకి పోలేడు అంది. ఇదీ వరస. ఊరు కడితే ఆఫీసర్‌కి చీమ కుట్టదు, ఊరు కట్టనంటే బాధితుడికి పైసా రాదు.

కొలరాడో వాళ్లు 2020లో కొంచెం బుర్ర పెట్టారు. పోలీసు తను చేసేది చట్టబద్ధమేనన్న నిజాయితీ, సమంజసమైన నమ్మకంతో చేయలేదని డిపార్ట్‌మెంట్ తేలిస్తే అతను తీర్పులో 5 శాతం, లేదా 25,000 డాలర్లు, ఏది తక్కువైతే అది సొంతంగా కట్టాలి. అతని దగ్గర వసూలు కాకపోతే డిపార్ట్‌మెంటే కట్టాలి. న్యూ మెక్సికో 2021లో మనుషుల పేర్లే వద్దు, సంస్థ మీదే వేసుకో, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ లేదు అని చట్టం తెచ్చింది. నాకు రెండోదే నచ్చింది. బోర్డు నాన్న గారి ఇంటి తలుపు కొట్టే పని కూడా తప్పేది కదా.

బోర్డు_నాన్న:

అందరికీ థాంక్స్. పన్ను గారూ, మీ చివరి మాట మా ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడ ఓటు కూడా న్యూ మెక్సికోకే. డిఫెన్స్ అడుగుతూ మెయిల్ పంపేశాను, వేరే లాయర్ కోసం పేరా కూడా పెట్టాను.

ఇంకో రెండు డౌట్లు. క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అంటే లాయర్ ఖర్చు కూడా కవర్ అయినట్టా? ఇంకోటి, డిస్ట్రిక్ట్ వాళ్లు సెటిల్మెంట్ వైపు మొగ్గుతున్నట్టు మాటల్లో తెలుస్తోంది. నేను ఒప్పుకోకపోయినా చేసేయగలరా?

లా_పాయింట్:

ఆ రెండూ వేరు వేరు. క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ కోర్టు ఇచ్చేది, 1982లో హార్లో కేసు నుంచి ఇప్పుడున్న రూపంలో ఉంది. అప్పటికే స్పష్టంగా స్థిరపడిన హక్కుని ఉల్లంఘిస్తేనే డ్యామేజెస్ కట్టాలి, లేకపోతే అక్కర్లేదు. ఇండెమ్నిఫికేషన్ మీ సంస్థ ఇచ్చేది, ఓడాక డబ్బు ఎవరిదన్నది. మొదటిది ఉన్నా లాయర్ ఫీజు ఎవరో ఒకరు కట్టాలిగా. పైగా ఆ ఇమ్యూనిటీ డ్యామేజెస్‌కే, అన్‌బ్లాక్ చేయమని ఆర్డర్ అడిగితే దానికి అడ్డు రాదు. పోవే కేసులో కింది కోర్టు డ్యామేజెస్ దగ్గర సభ్యులకి ఇమ్యూనిటీ ఇచ్చింది, అయినా ఇంజంక్షన్ (అన్‌బ్లాక్ చేయమనే లాంటి కోర్టు ఆర్డర్) కోసం కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది.

అందరూ మర్చిపోయేది సెక్షన్ 1988. అవతలివాడు గెలిస్తే అతని లాయర్ ఫీజు కూడా మీ వైపే పడుతుంది, ఇలాంటి కేసుల్లో చాలాసార్లు అసలు కంటే అదే పెద్దది. కెంటకీలో పెళ్లి లైసెన్సులు ఇవ్వనన్న కౌంటీ క్లర్క్ కిమ్ డేవిస్ సంగతి తెలుసుగా, 2023లో జ్యూరీ ఇద్దరికి చెరో 50,000 డాలర్లు ఇమ్మంది, ఆ తర్వాత ఫీజు, ఖర్చుల కింద జడ్జి వేసింది సుమారు 2,60,000. మరీ నామమాత్రపు గెలుపైతే ఫీజు తెగ్గోస్తారు, 1992లో ఫరార్ కేసులో 17 మిలియన్లు అడిగి ఒక్క డాలర్ గెలిచినాయనకి ఫీజు సున్నా. మీ కేసులో సెటిల్మెంట్ మాట వస్తోందంటే ఫీజు మీటరు చూసే.

సెటిల్మెంట్ విషయం: డిస్ట్రిక్ట్ తన డబ్బుతో తన వరకు సెటిల్ చేసుకోవచ్చు. మీ పేరు మీద ఒప్పందం అయితే మీ సంతకం కావాలి. సంతకం పెట్టేముందు నాలుగు చోట్ల చూడండి. మిమ్మల్ని పూర్తిగా విడుదల చేస్తున్నారా, వ్యక్తిగత హోదాతో సహా? డబ్బు మొత్తం డిస్ట్రిక్ట్ లేదా వాళ్ల ఇన్సూరెన్స్ పూల్ కడుతుందని రాసి ఉందా? తప్పు ఒప్పుకోవడం లేదని ఉందా? రిజర్వేషన్ ఆఫ్ రైట్స్‌ని అడ్డం పెట్టుకుని తర్వాత మీ దగ్గర వసూలుకి రామని ఉందా? నాలుగోది చాలామంది అడగరు.

కౌంటీ_గుమస్తా:

ఒక చిన్న మాట. ఆ పేజీ ఇప్పుడు సర్దే పని పెట్టుకోకండి. పాత పోస్టులు, మెసేజ్‌లు, బ్లాక్ లిస్టు అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టండి, ఒక్కటి తీసేసినా సాక్ష్యం చెరిపారంటారు. మీ ఇంటి ఇన్సూరెన్స్‌కి అంబ్రెల్లా పాలసీ (దాని పైన అదనపు కవరేజీ) ఉంటే వాళ్లకీ నోటీసు పంపండి, వర్తించదనే అనొచ్చు, అయినా ఆలస్యంగా చెప్పారనే సాకు వాళ్లకి ఇవ్వొద్దు. ఇక ఇక్కడ కేసు వివరాలు రాయడం ఆపేయండి, అవతలి లాయర్‌కి కూడా ఇంటర్నెట్ ఉంటుంది.

బోర్డు_నాన్న:

అలాగే, ఇదే చివరి ప్రశ్న. వచ్చే మీటింగులో ఈ కేసు మీద క్లోజ్డ్ సెషన్ పెట్టారు. నేను కూర్చోవచ్చా?

లా_పాయింట్:

నా లాయర్ ఎవరు, నా డబ్బు ఎవరు కడతారు అన్న అంశం వచ్చినప్పుడు మీరు ఆ గదిలో ఉండకూడదు, ఓటు అసలే వేయకూడదు. మీ డబ్బు ముడిపడి ఉన్న నిర్ణయం అది, రేపు దాన్నే పట్టుకుని ఇంకో కేసు వేస్తారు. తప్పుకుంటున్నట్టు మినిట్స్‌లో రాయించండి. ఇంకా ముఖ్యంగా, ఆ సెషన్లో డిస్ట్రిక్ట్ లాయర్ మిగతా మెంబర్లకి మీ గురించి ఏం చెప్తున్నాడో మీకు తెలియదు కదా. మీకు ఒకే లాయర్ సరిపోతాడా అన్న ప్రశ్నకి అదే జవాబు. మీటింగు లోపే వేరే లాయర్ సంగతి తేల్చమని ఇంకో మెయిల్ పెట్టండి, ఆ లెటర్ మీద సంతకం అప్పటిదాకా ఆపండి.